అసమర్థుడి ఇంట్లో అన్నం ఎవరు వండారు?

మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీంచి మా నాన్న ఇనప సందూక దిగింది. ఆయన పోయాక దాన్ని తెరవడానికి ఎవరికీ మనసు రాలేదు. తెరిస్తే ఏముంది? ఎర్రగుడ్డలో చుట్టిన పాత పహాణీల నకళ్ళు, ఇంకు ఎండిపోయిన రెండు దవాతులు, పన్ను ఊడిన దువ్వెన, అడుగున పుస్తకాలు. పైన వున్నది గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'. అట్ట ఊడిపోయింది. లోపల పెన్సిలు గీతలు.

దులపడం అక్కడితో ఆగిపోయిందని వేరే చెప్పాలా? చీపురు ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో పట్టుకుని గడప మీద చతికిలబడ్డాను. పండగ పూట ఇల్లాలు పుస్తకం పట్టుకుంటే ఇంట్లోవాళ్ళకి ఎలా వుంటుందో మీకు తెలియంది కాదు. మావారు రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, "ఇవ్వాళ టీ వుందా, వాయిదా పడిందా?" అని అడిగి, నా చేతిలో పుస్తకం పేరు చూసి నవ్వేశారు.

"పెద్దాయన చూడు, అసమర్థుడికి కోపం ఎందుకొచ్చిందో మొత్తం లెక్క చెప్పాడు. నీ నవలల్లో మగవాళ్ళకి కోపం సెగ్గడ్డలాగా లేస్తుంది. ఎందుకు లేచిందో ఎక్కడా వుండదు" అన్నారు.

ఉడుక్కున్నాను. కాని రాత్రి పడుకున్నాక ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నిజమే కదా! పదిహేనేళ్ళుగా రాస్తున్నాను. నా మగపాత్రలు అరుస్తారు, తలుపులు దడాలున వేస్తారు, తాగొస్తారు. ఎందుకో నేనూ అడగలేదు. పాఠకురాళ్ళూ అడగలేదు. మగవాడన్నాక అంతేనని మనమంతా ఒప్పేసుకున్నాం కాబోలు.

అందుకే ఈ నెలంతా పనిగట్టుకుని కోపిష్టి మగవాళ్ళని చదివాను. మనవాళ్ళని, పనిలో పనిగా జపానువాళ్ళని. జపాను ఎందుకంటే, మగవాడి ఉడుకుమోతుతనం మీద యుద్ధం తరవాత వాళ్ళు రాసినన్ని పెద్ద నవలలు ఇంకెవరైనా రాశారా అని నాకు అనుమానం. ఇంగ్లీషు అనువాదాలే అనుకోండి. బి.ఏ. చదువు ఇన్నేళ్ళకి ఇలా అక్కరకొచ్చింది.

ముందు మన గోపీచంద్. 'అసమర్థుని జీవయాత్ర' 1947 నాటిది. తెలుగులో మనోవిశ్లేషణ నవలలకి ఇదే మొదటిదని చెబుతారు. కథానాయకుడు సీతారామారావు. వంశప్రతిష్ఠ నిలబెట్టమన్న తండ్రి మాట నెత్తిన పెట్టుకుంటాడు. ప్రతిష్ఠంటే అతనికి తెలిసింది ఇవ్వడం ఒక్కటే. ఇస్తూ పోతే ఆస్తి కరిగింది. ఆస్తితో పాటు పలకరింపులూ కరిగాయి. నిన్న లేచి నిలబడ్డవాడు ఇవాళ చూసీ చూడనట్టు పోతాడు. అప్పుడు సీతారామారావు తనలోకి చూసుకోవాలి. చూసుకోడు. లోకాన్ని చూస్తాడు, మేనమామని చూస్తాడు, అందరిలోనూ తప్పు చూస్తాడు.

ఈ నవలలో నాకు ముచ్చటేసినది ఒకటుంది. సీతారామారావు తెలివితక్కువవాడు కాడు. వాదనలో అతన్ని పట్టుకోలేం. పని చెయ్యకపోవడానికి ఒక సిద్ధాంతం, చేసేవాళ్ళని ఏవగించుకోవడానికి ఇంకో సిద్ధాంతం. మామూలు కోపం గడపదాటి నాలుగు వీధులు తిరిగొస్తే చల్లారుతుంది. చదువుకున్న వాడి కోపానికి వాదన తోడవుతుంది. ఇక అది చల్లారదు. రోజుకో కొత్త కారణం పుట్టించుకుంటుంది. అతని బయటి ఓటములన్నీ ఇంటికొచ్చేసరికి గెలుపులవుతాయి. ఎందుకంటే ఇంట్లో వున్నది భార్య ఇందిర, ఒక పసిబిడ్డ. వాళ్ళు వాదించరు. చివరికి ఎవరి మీదా చెల్లుబాటుకాని కసి తన మీదే తిరగబడి, శ్మశానంలో ఘోరమైన చావు చస్తాడు.

గోపీచంద్ అతన్ని సమర్థించలేదు, తిట్టలేదు. డాక్టరు ఎక్స్‌రే ఫొటో వెలుతురుకి ఎత్తిపట్టి చూపించినట్టు చూపించాడు. అది ఆయన గొప్పతనం. ఆయన తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి. కనబడిన ప్రతిదాన్నీ ఎందుకని ప్రశ్నించిన మనిషి. ఆ ఇంట్లో పెరిగిన కొడుకు కాబట్టి, మగవాడి పరువుని కూడా ఎందుకని అడగగలిగాడనుకుంటాను.

ఇక జపాను. 1945 ఆగస్టులో ఆ దేశం ఓడిపోయింది. ఓడిన సైనికులు ఇళ్ళకు తిరిగొచ్చారు. వచ్చేసరికి ఇల్లు మారిపోయింది. 1946 ఏప్రిల్ ఎన్నికల్లో ఆడవాళ్ళు మొదటిసారి ఓటు వేశారు. 1947లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం భార్యాభర్తలకి సమాన హక్కులంది. ఇంటి యజమాని మాటే చట్టమన్న రోజులు పోయాయి. దేశం పరువు పోయిన ఏడాదే ఇంట్లో పెద్దరికమూ పోతే మగవాడికి ఎలా వుంటుంది? ఈ ప్రశ్న చుట్టూ అక్కడి రచయితలు ఎన్నో నవలలు రాశారు.

దజాయ్ ఒసాము నవల 1948లో వచ్చింది. మనిషిగా పనికిరాకుండా పోయినవాడు అని దాని పేరుకి అర్థం చెప్పుకోవచ్చు. నాయకుడు యోజో. సీతారామారావుకి తమ్ముడనుకోండి. అతనూ పెద్దింటి బిడ్డే. కాని సీతారామారావు వాదిస్తే, యోజో కోతిచేష్టలు చేసి నవ్విస్తాడు. ఆ నవ్వు వెనక మనుషులంటే వొణుకు. తాగుడు, మందులు, ఒక ఆడమనిషి నీడ నుంచి ఇంకో ఆడమనిషి నీడకి. అతనికి అన్నం పెట్టిందీ పక్క పరిచిందీ ఆడవాళ్ళే. ఆఖరి పేజీల్లో ఒక సారా దుకాణం యజమానురాలు అతన్ని తలుచుకుని, తప్పు అతని తండ్రిదేనని, పిల్లవాడు దేవుడిలాంటివాడని చెబుతుంది. పుస్తకంలో ఆఖరి మాట ఆడదానికే ఇచ్చాడు రచయిత. సంతోషం! కాని ఆ మాటా క్షమాపణ మాటే. మనకి మాటొచ్చిందంటే క్షమించడానికే రావాలి కాబోలు.

యుకియో మిషిమా 1956లో రాసిన స్వర్ణమందిరం నవలలో కసి ఇంకో దారి పట్టింది. 1950లో క్యోటోలో నిజంగానే ఒక యువసన్యాసి బంగారు మందిరాన్ని తగలబెట్టాడు. దాని మీద అల్లిన కథ. ఇందులో కుర్రవాడికి నత్తి. తన కురూపం మీద రోత. ఆ మందిరం అందం అతన్ని బతకనివ్వదు. దాని ఎదుట తను మరీ చిన్నవాడైపోతాడు. అంటించేస్తాడు. సీతారామారావు తన్ను తాను చంపుకున్నాడు, ఇతను అందాన్ని కాల్చాడు. నా మట్టుకు రెండిటి మూలం ఒకటే. తన కంటే ఎత్తున ఏదీ నిలబడి వుండకూడదు.

కెన్జబురో ఓయె 1964లో రాసిన నవల మాత్రం నాకు నచ్చింది. బర్డ్ అని పిలిచే యువకుడు. భార్యకి కాన్పయింది. బిడ్డ తలలో లోపం. ఇతనికేమో ఆఫ్రికా పోవాలని కల. ఈ బిడ్డ బతికితే కల చస్తుంది. బిడ్డ చస్తే బాగుండునని చూస్తాడు, తాగుతాడు, పాత స్నేహితురాలి ఇంట్లో దాక్కుంటాడు. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. చివరికి పరుగు ఆపి బిడ్డకి ఆపరేషను చేయించడానికి నిలబడతాడు. ఓయెకి 1963లో అలాంటి కొడుకే పుట్టాడు. ఆ కొడుకు హికారి పెద్దయి సంగీతం రాశాడు. ఓయెకి 1994లో నోబెల్ బహుమతి వచ్చింది. నేను చదివినంతలో కోపిష్టి మగవాడు ఇంటికి తిరిగొచ్చి పని అందుకున్న నవల ఇదొక్కటే.

మనవాళ్ళ దగ్గరికి వద్దాం. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' 1950ల మొదట్లో వచ్చింది. గుమాస్తా సుబ్బయ్యది పరువు పోయిన కోపం కాదు, పరువే ఎరగని భయం. ఆఫీసులో భయం, కంట్రాక్టరు గవరయ్యంటే భయం, బావమరిదంటే భయం, ఇంట్లో సావిత్రంటే భయం. పైకి నోరెత్తలేనివాడి మనసులో ఎన్ని సుళ్ళు తిరుగుతాయో రావిశాస్త్రి వకీలు కన్నుతో పట్టాడు. చదువుతూ నవ్వుతాం. కాస్సేపటికి, మన ఆఫీసులో ఇలాంటివాణ్ణి చూసి మనమూ ఇలాగే నవ్వామని గుర్తొచ్చి నవ్వు ఆగిపోతుంది.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధిది ఇంకో బాధ. తల్లి గురించి లోకం చెప్పుకునే మాటలు అతని వెంట నీడలా తిరుగుతాయి. ఒక్క స్త్రీ మీదా నమ్మకం నిలవదు. కోమలి, అమృతం, ఇందిర, ఇంతమంది వస్తారు, పోతారు. నిధి తనని తాను తెలుసుకోవడానికి వాళ్ళు ఒక్కొక్క మెట్టు. ఎంత అందమైన నవలైనా ఈ లెక్క నాకు మింగుడుపడదు. మెట్టు కూడా మనిషే కదా?

అంపశయ్య నవీన్ 1969లో తెచ్చిన 'అంపశయ్య' మాత్రం మా తెలంగాణ పిల్లవాడి కథ. ఉస్మానియా హాస్టల్లో రవి గడిపే ఒక్క రోజు. డబ్బు లేదు, పరీక్షలు నెత్తిమీద వున్నాయి, ఆడపిల్లని చూస్తే ఆశ, ఆ వెంటనే సిగ్గు. రవిని నేను కోప్పడలేను. అచ్చంపేట బస్టాండులో పోటీపరీక్షల పుస్తకాలు చంకన పెట్టుకుని నిలబడే కుర్రాళ్ళలో ఇప్పటికీ అతను కనబడతాడు. లేమిలోంచి వచ్చిన ఉడుకు వేరు, పెత్తనం పోయిందన్న ఉడుకు వేరు. రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇంతకీ ఈ పెద్ద రచయితలు అసమర్థులని రాస్తున్న కాలంలో మనం ఏం చదువుతున్నాం? నన్నడిగితే నిజం చెప్పేస్తాను. మా అమ్మ తరం, ఆ తరవాత నేనూ, యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరాన్ని చదువుకున్నాం. ఎత్తు, కారు, హుందాతనం, మాట జారని మౌనం. ఆ నవల వచ్చింది 1960ల్లో. అంటే ఒక పక్క సుబ్బయ్య గుమాస్తా గోళ్ళు కొరుక్కుంటుంటే ఇంకో పక్క రాజశేఖరం కారు దిగుతున్నాడు. విమర్శకులు నవ్వారు. నవ్వితే నవ్వనివ్వండి. ఇంట్లో సీతారామారావుకి అన్నం వడ్డించి వచ్చిన ఆడది మధ్యాహ్నం గంటసేపు రాజశేఖరాన్ని చదువుకుంటే అందులో నవ్వేందుకేముంది? రాజశేఖరానికి దేనికీ కొదవ లేదు కనక ఎవరి మీదా కసి లేదు. మనం కోరుకున్నది అతని కారు కాదు, ఆ కసిలేనితనమే అని ఇప్పుడనిపిస్తోంది.

ఇంకో తమాషా. ఆ రోజుల్లో రచయిత్రులకి వారపత్రికల్లో ఎంత గిరాకీ అంటే, మగవాళ్ళు ఆడపేర్లతో రాసేవాళ్ళు. అందరి మీదా కినుక అంటగట్టను. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు పురాణం సీత పేరుతో 'ఇల్లాలి ముచ్చట్లు' రాస్తే ఇల్లాళ్ళంతా మురిసిపోయారు. చీర కట్టిన ఆ కలంలో ఉడుకు లేదు, సరసం వుంది. ఆడదాని గొంతు అరువు తెచ్చుకున్నాక మగవాడి కలం కాస్త మెత్తబడినట్టుంది.

ఇక అసలు సంగతి. మా నాన్న పట్వారీ.

అచ్చంపేట దాటి ఘాటెక్కితే మన్ననూరు, అక్కణ్ణుంచి పక్కకి తిరిగితే మా అమ్రాబాద్. చుట్టూ నల్లమల. ఈ కొండమీది ఊళ్ళో పట్వారీ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు. ఎవరి చెలక ఎవరి పేరున వుందో ఆయన కలానికే ఎరుక. ఆ కలానికి జడిసి బతికిన ఇళ్ళు ఎన్నో. కూతురిని కదా అని ఆ మాట దాచను. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేలు పట్వారీ పదవులు రద్దు చేసింది. ఊరు ఊపిరి పీల్చుకుంది. మా నాన్న అరుగు మీద కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చాలా ఏళ్ళు కూర్చున్నాడు. ఆ మరుసటేడే ఇంకో చట్టం వచ్చింది. 1985 సెప్టెంబరు నుంచి, అప్పటికి పెళ్ళి కాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా వాటా. ఒకేడు దస్త్రం పోయింది, మరుసటేడు ఇంట్లో ఆడపిల్ల వాటాదారైంది. నాకప్పటికి అయిదేళ్ళు. నా చేతికి అన్నం ముద్ద అందిస్తూ, "నువ్వు గుడ హిస్సేదారువే గదా" అని ఆయన నవ్విన నవ్వు నాకింకా గుర్తే. అది నవ్వు కాదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

జపానులో 1946, 47ల్లో జరిగినది చదువుతుంటే మా అరుగు కళ్ళకి కట్టింది. యుద్ధం అక్కర్లేదు. ఒక ఆర్డినెన్సు చాలు.

కూరలో ఉప్పు తగ్గితే పళ్ళెం గోడకి తగిలేది. నిన్నటిదాకా "పట్వారి సాబు" అన్నవాడు బీడీ దాచకుండా ముందునుంచి పోయిన రోజు ఉప్పు ఎప్పుడూ తగ్గేది. అమ్మ గచ్చు మీద మెతుకులు ఏరేది. అన్నయ్యా నేనూ గోడకి ఆనుకుని కూర్చునేవాళ్ళం.

అందుకని పెన్సిలు గీతలు వెతుక్కుంటూ చదివాను. నాన్న ఎక్కడ గీశాడో తెలుసా? సీతారామారావు ఇచ్చినవీ పోగొట్టుకున్నవీ వచ్చిన చోట్ల గీశాడు. మేనమామ ప్రస్తావన వచ్చిన చోట్ల రెండేసి గీతలు. ఇందిర దగ్గర ఒక్కటి లేదు. గోపీచంద్ అసమర్థుణ్ణి పట్టి చూపించడానికి రాసిన పుస్తకాన్ని మా నాన్న లోకం మీద ఫిర్యాదుగా చదువుకున్నాడు! మంచి పుస్తకం మనిషిని మారుస్తుందని సభల్లో నేను చాలాసార్లు చెప్పాను. చదివేవాడు తనకి కావలసిన సగమే చదువుకోగలడని ఇప్పుడు తెలిసింది.

అయితే సగం పుస్తకం దాటాక గీతలు ఆగిపోయాయి. ఒక్కటీ లేదు. విసుగొచ్చి చదవడం మానేశాడా? లేక తన ముఖం కనబడి పెన్సిలు పక్కన పెట్టాడా?

మా అమ్మకి కళ్ళల్లో శుక్లాలు. చదివి వినిపించమంది. నాలుగు మధ్యాహ్నాలు వినిపించాను. కోస్తా మాటలు మధ్య మధ్య అడిగి తెలుసుకుంటూ, బియ్యంలో రాళ్ళేరుతూ విన్నది. అంతా అయ్యాక ఒక్కటే ప్రశ్న.

"గా పిల్ల, ఇందిర, ఏం దిన్నదో రాసిండా ఆయన?"

నేను మళ్ళీ పేజీలు తిరగేశాను. సీతారామారావు ఆలోచన ప్రతిదీ తెలుస్తుంది. అతను ప్రతి పూటా తిన్న అన్నం ఎక్కణ్ణుంచి వచ్చిందో, వండినామె మిగిలింది తిన్నదో లేదో నా మనసులో ఎక్కడా నిలవలేదు. దజాయ్‌నీ అదే అడగాలి. మిషిమానీ అడగాలి. నెలరోజులు చదివి నేను వేసుకోలేని ప్రశ్న మా అమ్మ బియ్యం చేట ముందు కూర్చుని వేసింది.

దీనికి జపానులో ఒక జవాబుంది. దజాయ్ 1948 జూన్‌లో ఒక స్త్రీతో కలిసి నీళ్ళలో దూకి చనిపోయాడు. ఇంట్లో భార్య, పిల్లలు. ఆఖరి పిల్లకి అప్పటికి ఏడాది దాటింది, అంతే. ఆ పిల్ల పెరిగి త్సుషిమా యూకో అనే గొప్ప రచయిత్రి అయింది. 1978, 79ల్లో ఆవిడ రాసిన ఒక నవలలో, మొగుడు విడిచిన చిన్నది పసికూతురితో మేడ మీది గదుల్లో కాపురం పెడుతుంది. ఆ గదుల నిండా వెలుతురు. పిల్లకి జ్వరం, ఆఫీసుకి ఆలస్యం, పక్కవాళ్ళ సణుగుడు, నిద్ర చాలని కళ్ళు. తండ్రి మీద ఒక్క తిట్టు లేదు. తండ్రి నవలలో లేని వంటింటిని కూతురు రాసింది, అంతే.

మనకీ అలాంటివాళ్ళు లేకపోలేదు. బుచ్చిబాబుగారి భార్య శివరాజు సుబ్బలక్ష్మిగారు కథలు, నవలలు రాశారు, బొమ్మలు వేశారు. భర్త 1967లో పోయాక కూడా ఎన్నో ఏళ్ళు పనిచేసి 2021లో పోయారు. ఆవిడ 'నీలంగేటు అయ్యగారు' మనలో ఎంతమంది చదివారు? 'చివరకు మిగిలేది' పక్కనే అదీ అల్మారాలో వుండాలి. రెండూ ఒక కప్పు కింద పుట్టిన పుస్తకాలే కదా.

మావారి మాట దగ్గరికి తిరిగొస్తాను. నా మగపాత్రల కోపానికి కారణం రాయకపోవడం నా తప్పే. కారణం రాస్తే క్షమించినట్టవుతుందని నాకు లోపల భయం. గోపీచంద్‌ని చదివాక ఆ భయం కొంత తగ్గింది. కారణం చెప్పడం వేరు, ఒప్పుకోవడం వేరు. రాయబోయే నవలలో అరుగు మీది పట్వారీకి తన ఆలోచనలన్నీ వుంటాయి. గోడకి తగిలిన పళ్ళెం కిందనుంచి మెతుకులు ఏరినామెకీ తన ఆలోచనలన్నీ వుంటాయి.

ఆ సంగతి చెప్పి, "అమ్మా, నాన్న ఆ పుస్తకం చివరిదాకా చదివిండంటవా?" అని అడిగాను.

"చదివిండో లేదో నాకేమెర్క బిడ్డా. గని పళ్ళెం ఇసిరేసుడైతె బందైంది" అంది.

నా గుండె ఝల్లుమంది. "ఎప్పుడు? పుస్తకం చదివినంకనా?"

"కాదు. అంచు మీద నీ పేరు కొట్టిచ్చిన స్టీలు పళ్ళెం తెచ్చినంక. ఒక్కపారి ఇసిరేసిండు. సొట్ట పడ్డది. నీ పేరు మీదనే పడ్డది. ఎత్తి చేతులల్ల పట్టుకొని శానాసేపు చూసిండు. మల్ల ఇసిరేయలే."

ఆ పళ్ళెం ఇప్పటికీ మా ఇంట్లోనే వుంది. పచ్చడి జాడీ మీద మూతగా. ఇన్నేళ్ళూ సొట్ట ఎలా పడిందో అడగనే లేదు నేను.